లేబులు మీద విధవ

మన ఇళ్ళల్లో ‘వెధవ’ అన్న మాట రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టడం కష్టం. అల్లరిచేసే పిల్లాడు వెధవ. వేళకి రాని బస్సు వెధవ బస్సు. ఆఖరికి ఎండాకాలంలో పోయిన కరెంటు కూడా వెధవ కరెంటే! భర్తని పోగొట్టుకున్న ఆడదాన్ని చెప్పే మాటే ఇలా తిట్టయి కూర్చుందని నోరు జారేటప్పుడు మనకి గుర్తే వుండదు.

అదే మాటని ఫ్రాన్సులో ఒక కంపెనీ రెండు వందల ఏళ్ళకు పైగా తన పేరుగా గర్వంగా చెప్పుకుంటోంది. ఆ కంపెనీ సీసాల్లోది షాంపేను. పేరు ‘వవ్ క్లికో’. ఫ్రెంచిలో ‘వవ్’ అంటే విధవ. అంటే విధవరాలు క్లికో గారి షాంపేనన్నమాట!

తాగుడు కబుర్లు మనకెందుకమ్మా అని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథలో సారా కంటే సంసారమే ఎక్కువ.

పారిస్‌కి తూర్పున షాంపేన్ అనే సీమ వుంది. అక్కడి ద్రాక్షసారాకి ఆ సీమ పేరే వచ్చింది. యూరప్‌లో ఇంకెక్కడ తయారైనా ఆ పేరు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అక్కడిది సుద్దనేల. రీమ్స్ పట్టణం కింద పూర్వం రాయి కోసం తవ్వి వదిలేసిన సుద్దగోతులున్నాయి. వేసవైనా శీతకాలమైనా లోపల ఒకటే చల్లదనం. సీసాలు దాచుకోవడానికి అంతకన్న ఏం కావాలి? ఆ కొండవాలు తోటల్నీ, ఆ నేలమాళిగల్నీ 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ రీమ్స్‌లోనే 1777లో బార్బ్ నికోల్ పుట్టింది. తండ్రి బట్టల వ్యాపారంలో బాగా గడించినవాడు. 1798లో ఆమెను ఫ్రాంస్వా క్లికో అనే అతనికిచ్చి పెళ్ళి చేశారు. అత్తవారిదీ వర్తక కుటుంబమే. మామగారు ఫిలిప్ క్లికో 1772లో ద్రాక్షసారా వ్యాపారం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది క్లెమెంటీన్ అని ఒక ఆడపిల్ల పుట్టింది. 1805 అక్టోబరులో ఫ్రాంస్వా జ్వరంతో పోయాడు. అప్పటికి ఆవిడకి ఇరవయ్యేడేళ్ళు, పిల్లకి ఆరేళ్ళు.

కొడుకు పోయిన దుఃఖంలో మామగారు దుకాణం కట్టేద్దామనుకున్నాడు. కోడలు అడ్డుపడింది. నేను నడుపుతానంది.

అలా అనగలగడానికి ధైర్యమొక్కటే చాలదు, చట్టం కూడా ఒప్పుకోవాలి. ఇక్కడే వుంది అసలు విచిత్రం. అంతకు ముందు ఏడాదే, అంటే 1804లో, నెపోలియన్ ఒక చట్టాన్ని తెచ్చాడు. దాని ప్రకారం భార్య భర్తకి విధేయురాలై వుండాలి. భర్త అనుమతి లేకుండా ఆస్తి కొనకూడదు, అమ్మకూడదు, కోర్టుకెక్కకూడదు. కాని విధవకి ఈ కట్లేవీ లేవు! తన ఆస్తి తనది, తన సంతకం తనది. మొగుడు బతికుండగా చెల్లని సంతకం, అతను పోయిన మర్నాటినుంచీ చెల్లుతుంది.

మామగారు కోడలిని నమ్మాడు. అయితే ఆవిణ్ణి ఒంటరిగా దిగనివ్వలేదు. పనీ పాటూ తెలిసిన ఒక వర్తకుడితో నాలుగేళ్ళు పొత్తు కుదిర్చాడు. 1810లో ఆ పొత్తు ముగిసింది. అప్పుడే ఆవిడ తన అత్తింటిపేరూ పుట్టింటిపేరూ రెండూ కలిపి ‘వవ్ క్లికో పోన్సార్డాన్’ అని సొంత కంపెనీ పెట్టింది.

పెట్టిన వేళ మంచిది కాదు. యూరపంతా యుద్ధాలు. ఇంగ్లీషువాళ్ళ ఓడలు సముద్రం మీద కాపలా. సరుకు కదిలితే గదా డబ్బు కనబడేది! 1811లో మాత్రం ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. తోకచుక్క అరిష్టమని మనవాళ్ళలాగే వాళ్ళకీ భయం. కాని ఆ ఏడు ద్రాక్ష అపూర్వంగా పండింది. పండిన ద్రాక్షనంతా సారా తీసి, మంచి రోజులకోసం నేలమాళిగలో దాచింది ఆవిడ.

1814లో నెపోలియన్ ఓడిపోయాడు. రష్యన్ సైనికులు రీమ్స్‌లోకే వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి షాంపేనంటే ప్రాణం. వీళ్ళు ఇంటికెళ్ళాక ఇదే కావాలంటారు గదా అని ఆవిడ లెక్క వేసుకుంది. వర్తకం మీద ఆంక్షలు ఇంకా ఎత్తెయ్యకముందే, పోటీవాళ్ళకి తెలియకుండా, 10,550 సీసాలు ఓడకెక్కించింది. పట్టుబడితే సరుకూ పోతుంది, కంపెనీ పోతుంది. ఆవిడ నమ్మకస్తుడైన లూయీ బోన్ అనే ఏజెంటు సరుకుతోపాటు బయలుదేరాడు. ఓడ క్షేమంగా బాల్టిక్ సముద్రం మీద కోనిగ్స్‌బర్గ్ రేవు చేరింది. మిగతా కంపెనీలు తేరుకునేసరికి రష్యాలో ఈవిడ సరుకుకోసం జనం ఎగబడుతున్నారు.

గిరాకీ పెరిగేసరికి ఇంకో తలనొప్పి మొదలైంది. షాంపేనులో బుడగలెలా వస్తాయో చెబితే మనకి సులువుగానే అర్థమవుతుంది. ఇడ్లీపిండి పులిసి పొంగడం రోజూ చూసేవాళ్ళం గదా! సారాని సీసాలో పోసి బిరడా బిగించాక లోపల అది మరోసారి పులుస్తుంది. పుట్టిన గాలి బయటికి పోయే దారి లేక సారాలోనే కరిగిపోతుంది. అంతవరకూ బాగానే వుంది. కాని ఆ పులియబెట్టిన ఈస్టు చచ్చి మడ్డిలా అడుగున దిగుతుంది. నూనెలో మడ్డి దిగితే పైది తేర్చుకుంటాం. ఇక్కడ అలా వేరే సీసాలోకి వంచితే బుడగలు కాస్తా పోతాయి. వంచకపోతే గ్లాసులోది మురిగ్గా కనిపిస్తుంది.

ఆవిడ ఒక చెక్కబల్లకి బెజ్జాలు వేయించింది. అది ఆవిడ వంటింటి బల్లేనని చెబుతారు. సీసాల్ని ఆ బెజ్జాల్లో తలకిందులుగా నిలబెట్టి, రోజూ ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెం తిప్పించేది. కొన్ని వారాలకి మడ్డంతా మెడలోకి జారి బిరడా మీద చేరుతుంది. బిరడా తీస్తే గాలి ఒత్తిడికి మడ్డి ఒక్కసారిగా ఎగిరి బయటపడుతుంది. వెంటనే కాస్త సారా నింపి మళ్ళీ బిగించడమే! 1816 ప్రాంతంలో మొదలైన ఈ పద్ధతికి మెరుగులు దిద్దినవాడు ఆవిడ దగ్గర పనిచేసిన ముల్లర్. ఆ గుట్టు బయటికి పొక్కకుండా కొన్నేళ్ళు కాపాడారు. ఇవాళ ఈ తిప్పుడు పని చాలాచోట్ల యంత్రాలే చేస్తున్నాయిగాని, సూత్రం మాత్రం అదే.

ఇంత తెలివైన ఆవిడ కూతురి విషయంలో ఏం చేసిందో చూడండి. 1817లో క్లెమెంటీన్‌ని షెవిన్యే అనే ఒక జమీందారు బిడ్డకిచ్చి చేసింది. అల్లుడికి బిరుదుంది, డబ్బు లేదు. ఖర్చు చెయ్యడంలో మాత్రం చెయ్యి పెద్దది. ఆ బిల్లులు తీర్చడం అత్తగారి వంతయింది! వ్యాపారంలోకి మాత్రం ఆవిడ కూతుర్నీ రానివ్వలేదు, అల్లుణ్ణీ రానివ్వలేదు. జర్మనీనుంచి వచ్చి తన దగ్గర పనిలో చేరి పైకొచ్చిన వెర్లే అనే అతన్ని 1831లో భాగస్వామిని చేసి, కంపెనీని అతని చేతుల్లో పెట్టింది. తాను దాటివచ్చిన గుమ్మం కూతురు కూడా దాటాలని ఆవిడకి ఎందుకు తోచలేదో! 1866లో, 88 ఏళ్ళ వయసులో, బూర్సోలో తాను కట్టించుకున్న కోటలాంటి భవనంలో కన్నుమూసింది.

ఆవిడ వేసిన దారిలో మరికొందరు విధవలు నడిచారు. 1858లో భర్త పోయిన లూయీజ్ పొమ్మరీ, తియ్యదనం బాగా తగ్గించిన షాంపేను 1874లో తెచ్చి జనం నాలుకనే మార్చేసింది. 1941లో, జర్మన్లు ఫ్రాన్సుని ఆక్రమించుకుని వున్న రోజుల్లో భర్తని పోగొట్టుకున్న లిలీ బొలింజే, 1971 దాకా తన కంపెనీని నడిపింది. ‘వవ్’ అన్న మాటకి ఎంత పరపతి పెరిగిందంటే, ఇంట్లో ఏ విధవా లేని కంపెనీలు కూడా ఆ మాట లేబులు మీద పెట్టుకున్నాయట!

2010లో ఫిన్లండు దగ్గర బాల్టిక్ సముద్రం అడుగున, మునిగిపోయిన ఒక ఓడలో 168 షాంపేను సీసాలు దొరికాయి. సుమారు 170 ఏళ్ళనాటివి. వాటిలో కొన్ని క్లికో గారివి. పరీక్షిస్తే లీటరుకి 150 గ్రాముల దాకా పంచదార తేలింది. ఆ రోజుల్లో షాంపేనంటే పాయసమే కాబోలు! 2011 వేలంలో క్లికో గారి సీసా ఒక్కటి 30,000 యూరోలు పలికింది.

ఫ్రాన్సులో పెళ్ళయిన ఆడది భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చెయ్యడానికీ, తన పేర బ్యాంకు ఖాతా తెరవడానికీ చట్టం ఒప్పుకున్నది 1965లో. అంటే బార్బ్ నికోల్ పోయిన తొంభై తొమ్మిదేళ్ళకి. ఆ ఫ్రాంస్వా నిండు నూరేళ్ళూ బతికి వుంటే, ఆవిడ మంచి ఇల్లాలనిపించుకుని, పనివాళ్ళ జీతాల లెక్క చూసుకుంటూ వెళ్ళిపోయి వుండేది. ఆవిడ పేరు మనదాకా వచ్చేది కాదు. అప్పుడు మాత్రం ఆవిడ తెలివి తక్కువయ్యేదా? అలా భర్త చల్లగా వుండగానే తెలివంతా తాళాల గుత్తికి కట్టేసుకున్న ఇల్లాళ్ళు ఎందరో! వాళ్ళ పేర్లు మాత్రం ఏ లేబులు మీదా లేవు.