దొర తుపాకి మీద చిన్న బటన్

జర మంట దిక్కు జరుగుర్రి, చెప్త. మా నాయిన గడీల దొర తుపాకులు తుడిచేటోడు. ఆయన పక్కన కూసోని నేను చూసిన ముచ్చట ఇది.

పాత జోడుగొట్టాల తుపాకికి బయటనే రెండు గుర్రాలు, అంటే తూటాను పేల్చే సుత్తెలు, ఉండేటియి. బటన్లు గిటన్లు లెవ్వు. గుర్రాన్ని సగం గుంజితే లోపట గాడిల కూసుంటది, అప్పుడు ట్రిగ్గర్ నొక్కినా పడది. తూటా ఉండంగ గుర్రం దించేటప్పుడు చెమట బొటనవేలు జారిందా, పేలినట్టే. 1867ల స్టాంటన్ అనేటాయన కొత్త తాళం, అంటే గుర్రాన్ని ఆడించే లోపటి యంత్రం, కనిపెట్టిండు. దాంతోని గుర్రం పడ్డంక తనంతట తనే కొంచెం ఎనకకొచ్చి ఆగుతది.

1875ల బర్మింగ్‌హామ్‌ల వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీల ఆన్సన్, డీలీ అని ఇద్దరు గుర్రాలను లోపటికే దాసిర్రు. గొట్టాలు ఇరిస్తే చాలు, అవి ఎక్కుతయి. ఎక్కినయో లేదో బయటికి కనవడది. అందుకే అట్లాంటి తుపాకులకు మెడ మీద జారుడు బటన్ వచ్చింది. ఎనకకు జరిపితే ‘సేఫ్’ అని బంగారు అక్షరాలు కనిపిస్తయి. తుపాకి తెరిసినప్పుడల్లా ఆ బటన్ తనే ఎనకకు పోతది.

దొర దగ్గరికొచ్చే చుట్టాలు ఆ బంగారు అక్షరాలను నమ్మేది. మా నాయిన నమ్మకపోయేది. ఎందుకంటే ఆ బటన్ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతది బిడ్డా, గుర్రాన్ని కాదు. లోపట గుర్రం సన్నటి ఉక్కు అంచు మీద ఆగి ఉంటది. తుపాకి బండ మీద పడితే ఆ అంచు జారొచ్చు. ఖరీదైన, తాళం పక్క పలకకుండే సైడ్‌లాక్ తుపాకులల్ల జారిన గుర్రాన్ని పట్టుకునే రెండో కొక్కెం ఉంటది. మిగిలినవాటిల శానావాటికి ఉండది.

కంచె దాటాలన్నా, బండి ఎక్కాలన్నా మా నాయిన తుపాకి ఇరిచి తూటాలు చేతిల పట్టుకునేది. ఎవ్వలకిచ్చినా ఇరిచే ఇచ్చేది. ఖాళీ తుపాకికి బటన్ ఎనకకు పెట్టి, ట్రిగ్గర్ గట్టిగ నొక్కి ఇడిచి, మల్ల బటన్ ముంగటికి తోసేది. అప్పుడు లోపట ‘టక్’ మన్నదంటే లోపటి తాళం అరిగినట్టే, సీదా మిస్త్రీ దగ్గరికే.

1972ల వన్యప్రాణుల చట్టమొచ్చి వేట మీద కట్టడి పడ్డది, 1991 సవరణతోని దాదాపు బందైంది, మంచిగైంది. ఇప్పుడు మట్టి పళ్లాలను గాలిలకు ఇసిరి కొడుతున్నరు. ఆ ఆట తుపాకులల్ల శానావాటికి తనంతట తనే ఎనకకు పోయే బటన్ ఉండది, మరిచిపోతే పళ్లెం పోతదని. ఆడ తుపాకి ఇరిచే పట్టుకోని తిరుగుతరు, తన వంతు జాగల నిలబడ్డంకనే తూటా పెడతరు.