బ్రూసెల్లోసిస్

బ్రూసెల్లోసిస్ అనేది బ్రూసెల్లా ప్రజాతి బ్యాక్టీరియా వల్ల మేకలు, గొర్రెలు, ఆవులు, గేదెలు, పందుల నుంచి మనుషులకు సోకే వ్యాధి. పశువుల్లో దీన్ని ఈసుకుపోయే రోగం అంటారు; చూడి చివరి నెలల్లో దూడ పడిపోవడం, మాయ వేయకపోవడం దాని ముఖ్య లక్షణాలు. 1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్, చనిపోయిన బ్రిటిష్ సైనికుల ప్లీహం నుంచి ఈ క్రిమిని వేరుచేశాడు. దీనికి మూలం మేకలేనని 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిత్ కనుగొన్నాడు.

కాచని పాలు తాగినా, ఈసుకుపోయిన దూడనూ మాయనూ ఒట్టి చేతులతో తీసినా వ్యాధి సోకుతుంది. పాడి రైతులకు, పశువైద్య సిబ్బందికి ముప్పు ఎక్కువ. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జ్వరం, రాత్రిపూట చెమటలు, కీళ్ల నొప్పులు, నడుము నొప్పి కనిపిస్తాయి. టైఫాయిడ్‌గానో క్షయగానో పొరబడితే చికిత్స ఆలస్యమవుతుంది. సాధారణంగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి 6 వారాలు వాడతారు. పశువుల్లో ఈ వ్యాధి రాకుండా 4–8 నెలల పెయ్యదూడలకు ఎస్-19 టీకా ఒక్కసారి వేస్తారు. భారతదేశంలో మనుషులకు టీకా లేదు.