నడవలేని వారికి కాలెందుకు?

మా తాతయ్యకు షుగరు జబ్బు వల్ల కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. గుండె బలహీనంగా ఉంది కాబట్టి కట్టుడు కాలుతో నడవటం కుదరదని డాక్టరు చెప్పారు. అయినా తాతయ్య కాలు కావాలన్నారు. "నడవనప్పుడు కాలెందుకు పెద్దాయనా?" అని కాళ్లు చేసే చోట ఒకాయన నవ్వాడు. ఆ ప్రశ్నకు జవాబు నేను చరిత్రలో వెతికాను.

ఈజిప్టులో లక్సర్ దగ్గర ఒక స్త్రీ మమ్మీకి చెక్కతో, తోలుతో చేసిన కాలి బొటనవేలు దొరికింది. దాని వయసు దాదాపు 3000 ఏళ్లు. అది నడకకూ పనికొచ్చేదట. కానీ దానికి గోరు కూడా చెక్కారు! గోరుతో నడకకు పనేముంది? అది చూడటానికే కదా.

మన దేశంలో 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు పాదం తయారు చేశారు. అంతకుముందు వాడిన విదేశీ పాదానికి బూటు తొడగాల్సిందే. మనవాళ్లు గుడిలోకి, ఇంట్లోకి చెప్పులు విప్పి వెళ్తారు. అందుకే జైపూర్ పాదానికి వేళ్లు, చర్మం రంగు పెట్టారు.

కేవలం చూడటానికే పెట్టుకునే కాళ్లూ ఇప్పుడున్నాయి. లోపల స్పాంజి, పైన చర్మం రంగు తొడుగు ఉంటాయి. బరువు తక్కువ. వాటి మీద నిలబడకూడదు.

చివరికి తాతయ్యకు అలాంటి కాలే వచ్చింది. హోసూరులో అక్క పెళ్లినాడు పంచె కట్టుకుని, కుర్చీలో కూర్చుని అక్షింతలు వేశారు. అక్క వంగి ఆయన రెండు పాదాలకూ దండం పెట్టింది. కాలెందుకని ఇంకెవరైనా అడిగితే ఆ ఫొటో చూపిస్తాను.