హ్యాండిల్‌కు సెలవిచ్చిన చిన్న మోటారు

రేడియేటర్ కింద హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పితే తప్ప కారు పలకని రోజుల్లో, ఇంజన్ ఎంతసేపటికి అందుకుంటుందో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. వేడిగా ఉంటే ఒకటి రెండు తిప్పులు చాలు. అమెరికా చలికాలపు ఉదయాల్లో మాత్రం ఆయిల్ చిక్కబడి, పెట్రోలు సరిగా ఆవిరి కాక, తిప్పేవాడి ఒళ్లు హూనమయ్యేది.

శ్రమ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. స్పార్క్ ఎప్పుడు పడాలో అప్పట్లో డ్రైవరే మీటతో సర్దుకోవాలి. అది మరిచిపోతే పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని హ్యాండిల్ ఎదురు తన్నేది. అలా మణికట్టు దగ్గర ఎముక విరగడం ఎంత మామూలైందంటే, వైద్యులు దానికి షోఫర్ ఫ్రాక్చర్ అని పేరే పెట్టారు. హ్యాండిల్ బెడద లేదు కాబట్టే కరెంటు కార్లకు, ముఖ్యంగా ఆడవాళ్లలో, అంత ఆదరణ ఉండేది. పెట్రోలు కార్ల రారాజు హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునే.

క్యాడిలాక్ అధిపతి హెన్రీ లేలాండ్ మిత్రుడొకరు హ్యాండిల్ దెబ్బకు చనిపోయారని, ఆ దుఃఖంతోనే ఆయన సెల్ఫ్ స్టార్టర్ కోసం పట్టుబట్టారని ఒక కథ ఉంది. అందులో తేదీలు పొసగవు కాబట్టి పక్కన పెడదాం. అసలు విశేషం ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో జరిగింది.

అక్కడ ఈ స్టార్టర్‌ను రూపొందించిన చార్లెస్ కెటరింగ్ అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేశారు. దుకాణాల గల్లాపెట్టె మీట నొక్కగానే తెరుచుకునేలా దానికి చిన్న కరెంటు మోటారు అమర్చారు. అక్కడ ఆయనకు ఒక సంగతి పట్టుబడింది. రోజంతా తిరిగే మోటారు పెద్దదిగా ఉండాలి. క్షణాల్లో పని ముగించేదానికి ఆ అవసరం లేదు. చిన్న మోటారు మీద దాని స్థాయికి మించిన భారం వేసినా, కాలిపోయేంత వేడెక్కేలోపే దాని పని అయిపోతుంది. ఇంజన్‌ను కదిలించడానికీ కావలసింది ఆ కాసేపే. బలం గురించి అందరూ లెక్కలు వేస్తుంటే ఆయన వ్యవధిని లెక్కలోకి తీసుకున్నారు. నా దృష్టిలో ఆవిష్కరణ అంతా ఇందులోనే ఉంది.

డెల్కో సంస్థలో ఆయన బృందం తయారుచేసిన యంత్రం మొదట 24 వోల్టులతో ఇంజన్‌ను తిప్పేది. ఇంజన్ అందుకున్నాక అదే డైనమోగా మారి 6 వోల్టులతో బ్యాటరీని నింపేది. 1912 మోడల్ క్యాడిలాక్‌తో అది రోడ్డెక్కింది. 1915లో పేటెంటు వచ్చింది. ఫోర్డ్ మోడల్ టి కొనేవారికి ఈ సౌకర్యం 1919లో గానీ అందలేదు.

మన దగ్గర సెల్ఫ్ వచ్చాక కూడా హ్యాండిల్ వెంటనే పోలేదు. అంబాసిడర్లు, ఫియట్లు, లారీలు చాలాకాలం దాన్ని వెంట మోసుకు తిరిగాయి. బ్యాటరీ దిగిపోయిన రోజున క్లీనర్ భుజబలమే దిక్కు.

ఇప్పటి ఆరోగ్యమైన ఇంజన్ ఒకటి రెండు సెకన్లలో అందుకుంటుంది. సెల్ఫ్ మోటారు మాత్రం నేటికీ కెటరింగ్ లెక్క ప్రకారం కొద్దిసేపటి పనికే తయారవుతోంది. కాబట్టి పది సెకన్లు తిప్పినా బండి పలకకపోతే తాళం వదిలేయండి. మోటారును కాస్త చల్లారనిచ్చి మళ్లీ ప్రయత్నించండి. రోజూ అలాగే సతాయిస్తుంటే మెకానిక్‌కు చూపించండి.