పూడికతీత పద్దు

వానాకాలానికి ముందు హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లినా నాలాలోంచి తోడిన నల్లటి బురద గట్టు మీద కుప్పగా ఆరుతూ కనిపిస్తుంది. దాన్ని వెంటనే లారీకెత్తించకపోతే తొలి వానకే మళ్లీ నాలాలోకి జారిపోతుంది. తోడిన కూలి గంగపాలు. ఈ నగరం తన పనులకు డబ్బు ఎలా ఖర్చుపెడుతూ వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ కుప్ప దగ్గర నిలబడి చూడాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ నది వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఎగువనే ఆపమని, అందుకు జలాశయాలు కట్టమని ఆయన సూచించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అది రాజు ఖజానా, ఎన్నికల బెడద లేదు అనవచ్చు. నిజమే. అయినా రెండో జలాశయం దాకా దాదాపు 18 ఏళ్లు ఒకే ఆలోచనను వదలకుండా డబ్బు పెట్టడం చిన్న విషయం కాదు. నాకు ఆ ఆనకట్టలకన్నా ఆ ఓపికే గొప్పగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత నగరం పెరిగింది, పద్దు ఏడాదికోసారి రాసుకునేదిగానే మిగిలింది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు చేయదగిన పనులను 18 అంశాలుగా చూపింది, వాటికి సరిపడా రాబడిని మాత్రం రాష్ట్రాల దయకు వదిలింది. 2007లో పాత నగరపాలక సంస్థలో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) అయ్యేసరికి మోయాల్సిన భారం ఇంకా పెరిగింది.

చేతిలో డబ్బు ఆడనప్పుడు ఏది కోస్తారు? జీతాలు ఆపలేరు, పింఛన్లు ఆపలేరు, కరెంటు బిల్లు, అప్పు వడ్డీ వాయిదా వేయలేరు. మిగిలేది మరమ్మతు. పూడిక తీయకపోయినా ఆ ఏడు ఎవరూ అడగరు. ఇక తీసే పనికి కాంట్రాక్టరు అంచనాకన్నా బాగా తక్కువకు, 'లెస్'కు టెండరు వేస్తే కాగితం మీద ఆదా అయినట్టే. ఆ లెస్ చివరకు తేలేది గట్టు మీద కుప్పలోనే. లారీ ట్రిప్పులు తగ్గుతాయి, కొలతల పుస్తకంలో మాత్రం పని నిండుగా ఉంటుంది.

2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్ల అధ్యయనం నాలాలు వెడల్పు చేయమంది. ఆక్రమణలు తొలగించాలి, పరిహారం ఇవ్వాలి; పని నత్తనడక నడిచింది. 2018లో జీహెచ్ఎంసీ బాండ్ల ద్వారా 8.9 శాతం వడ్డీకి రూ. 200 కోట్లు తెచ్చింది. అవి ఫ్లైఓవర్ల పథకం కోసం. వంతెనకు అప్పు పుడుతుంది, బురదకు పుట్టదు. ఆ తర్వాత 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్లకు ఏజెన్సీలకు అప్పగించారు. ఇది మంచి ఆలోచనే. గుంత పడితే ఎవరిని అడగాలో తెలిసింది, ఐదేళ్ల ఖర్చూ ముందే లెక్కలోకి వచ్చింది.

నాలాలకు ఆ భాగ్యం దక్కేలోపే 2020 అక్టోబరు 13 రాత్రి వచ్చింది. కాలనీలకు కాలనీలు మునిగాయి. అప్పుడు గానీ నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం పెట్టి, తొలి విడతకు వందల కోట్లు కేటాయించలేదు. రిటైనింగ్ గోడలు లేచాయి. ఆ గోడల మధ్యకీ ఏటా బురద వచ్చి చేరుతూనే ఉంటుంది. దాన్ని తోడి, లారీకెత్తే టెండరు మళ్లీ ఏటేటా పిలవాల్సిందే.