పౌను గింజల కూలి

మార్చి 3 వస్తే జంషెడ్‌పూర్ అంతా దీపాలే. జంషెట్జీ టాటా పుట్టినరోజు. సీతారాండేరా నుంచి కూడా పిల్లలను వెంటేసుకుని జూబిలీ పార్కుకు వెళ్తాం. ఆయన 1877 జనవరి 1న నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచిన సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా చాటడానికి ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు చేసిందీ ఆ రోజే. అప్పటికి కర్నూలు, కడప, బళ్లారి సీమల్లో ధాత కరువు ముదిరి జనం రాలిపోతున్నారు. ఈ మూడో సంగతి మన వేడుకల్లో ఎవరూ ఎత్తరు.

ఆ కరువులోకి వచ్చిన రిచర్డ్ టెంపుల్ మొదటినుంచీ కఠినుడై ఉంటే ఏడవడానికేమీ లేదు. 1874లో బీహార్‌లో కరువు ముంచుకొచ్చినప్పుడు ప్రాణాలు నిలిపింది ఆయనే. ఆ ఏడే బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు; మన సింగ్‌భూమ్ కూడా ఆయన ఏలుబడిలోదే. బర్మా నుంచి సుమారు 4.5 లక్షల టన్నుల బియ్యం తెప్పించారు. ఆకలిచావులు దాదాపు లేవు. అదే తప్పయిపోయింది. బియ్యం మిగిలిపోయిందని, ఖజానా గుల్ల చేశాడని, జనానికి ఊరికే తినడం అలవాటు చేశాడని అటు లండన్‌లోనూ ఇటు కలకత్తాలోనూ ఏకిపారేశారు. మనుషులు చావనందుకు ఒక అధికారి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది!

దుబారా మనిషన్న పేరు పోగొట్టుకోవాలన్న తహతహతోనే ఆయన 1877 జనవరిలో కరువు ప్రతినిధిగా దక్షిణాదికి బయల్దేరాడని నాకనిపిస్తుంది. మద్రాసు సర్కారు అంతకుముందే కొంత ధాన్యం కొంటే పైవాళ్లు కన్నెర్ర చేశారు. ధరల్లో వేలు పెట్టకూడదన్నది లిట్టన్ పట్టుదల. దానికి ఆధారంగా ఆడం స్మిత్ పేరు చెప్పేవారు.

స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్రం బోధించినవాడు. ‘దేశాల సంపద’ రాయడానికి 17 ఏళ్ల ముందే, 1759లో, పరుల బాధ మనల్ని ఎందుకు తాకుతుందో ఒక గ్రంథమంతా విచారించాడు. ధాన్యం వ్యాపారానికి అడ్డుపడితే కొరత కరువవుతుందని రెండో పుస్తకంలో రాసిన మాట నిజమే. కానీ అక్కడ ఆయన వేలెత్తి చూపినవారిలో బెంగాల్‌లో బియ్యం వర్తకాన్ని బిగించిన ఈస్టిండియా కంపెనీ నౌకర్లు ఉన్నారు. ఆ దొరలను దుయ్యబట్టిన వాక్యం వందేళ్లకు దొరలకే కవచమైంది. టెంపుల్ చదివిన హెయిలీబరీ కాలేజీలో అంతకుముందు అర్థశాస్త్రం చెప్పింది మాల్థస్. అక్కడినుంచి వచ్చినవాళ్ల బుర్రలో స్మిత్ రెండో పుస్తకమే ఉండిపోయింది, అదీ సగం.

పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఇదీ టెంపుల్ కట్టిన కూలి. పౌనంటే సుమారు 450 గ్రాములు; దానికి పొద్దంతా మట్టి తవ్వాలి, మోయాలి. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఊరుకోలేదు. కష్టం చేసే ఒంటికి ఇది చాలదని, గింజలు పెంచి పప్పు, కూరలు కలపాలని వాదించాడు. మార్చిలో మద్రాసు సర్కారు కొంత పెంచింది, కొంత పప్పు చేర్చింది. అప్పటికే శిబిరాల్లో కలరా, విరేచనాలు. రైళ్లు ధాన్యాన్ని మోస్తూనే ఉన్నాయి, ధర ఎక్కడ పలికితే అక్కడికి.

స్మిత్ మొదటి పుస్తకంలో ఒక ఊహ ఉంది. చైనాను భూకంపం మింగేసిందని విన్న యూరప్ మనిషి హాయిగా నిద్రపోతాడు. రేపు తన చిటికెన వేలు పోతుందంటే మాత్రం కునుకు తీయడు. అలాగని ఆ వేలు దక్కించుకోవడానికి కోట్ల ప్రాణాలు బలి ఇస్తాడా అని అడిగి, ఆ తలంపుకే మనసు వణుకుతుందంటాడు. స్మిత్ మనిషిని కాస్త ఎక్కువే నమ్మాడు. టెంపుల్‌కు ప్రమాదంలో పడింది వేలు కూడా కాదు, పేరు.

1877లోనే టెంపుల్ బొంబాయి గవర్నర్ అయ్యాడు. ఆ కరువు మొత్తం మీద 55 లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనా. 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా పదేళ్ల కిందటికంటే సుమారు నాలుగో వంతు తగ్గింది. 1880 కరువు కమిషన్, దాని వెనకే వచ్చిన నియమావళి, ప్రాణం నిలపడం సర్కారు బాధ్యతేనని ఒప్పుకున్నాయి. ధాన్యం మాత్రం వర్తకుల చేతిలోనే ఉంచాయి. 1874లో టెంపుల్ అంతకంటే ఎక్కువే చేశాడు, ఏ నియమావళీ లేకుండా.