స్కాటీ మూర్

స్కాటీ మూర్ (1931–2016) రాక్ అండ్ రోల్ తొలినాళ్ల అమెరికన్ గిటార్ వాద్యకారుడు. ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు నుంచి 1968 దాకా, మధ్యమధ్య విరామాలతో, ఆయనకు పక్కవాద్యం వాయించాడు.

పూర్తి పేరు విన్‌ఫీల్డ్ స్కాట్ మూర్. 1931 డిసెంబరు 27న టెనెసీ రాష్ట్రంలోని గాడ్స్‌డెన్ దగ్గర పుట్టాడు. ఎనిమిదో ఏట గిటార్ పట్టాడు. వయసు చాలకపోయినా 1948లో నౌకాదళంలో చేరి, 1952 ఆరంభంలో బయటికి వచ్చాడు. మెంఫిస్‌లో అన్న నడిపే డ్రైక్లీనింగ్ దుకాణంలో టోపీలు శుభ్రం చేసే పనిలో కుదిరాడు. పని అయ్యాక స్టార్‌లైట్ రాంగ్లర్స్ అనే కంట్రీ సంగీత బృందంతో కచేరీలు చేసేవాడు. నిలువు బాస్ వాయించే బిల్ బ్లాక్ అందులోనే ఉండేవాడు. బృందం రికార్డు పని మీద తిరుగుతూ మూర్, సన్ రికార్డ్స్ అధిపతి శామ్ ఫిలిప్స్‌కు దగ్గరయ్యాడు.

పందొమ్మిదేళ్ల ప్రెస్లీ పాట ఎలా ఉందో చూడమని మూర్‌కు చెప్పింది ఫిలిప్సే. 1954 జులై 4న ప్రెస్లీ మూర్ ఇంటికి వచ్చి పాడాడు. మూర్‌కు గానీ బ్లాక్‌కు గానీ అది గొప్పగా అనిపించలేదు. మరునాడు రాత్రి యూనియన్ అవెన్యూలోని సన్ స్టూడియోలో నెమ్మది పాటలు ప్రయత్నించి విసిగిపోయాక, విరామంలో ప్రెస్లీ ఉన్నట్టుండి ఆర్థర్ క్రుడప్ బ్లూస్ పాట 'దట్స్ ఆల్ రైట్' అందుకున్నాడు. బ్లాక్, వెనువెంటనే మూర్ కలిశారు. ఫిలిప్స్ దాన్నే మళ్లీ మొదటినుంచి వాయించమని రికార్డు చేశాడు.

ఆ రికార్డులో డ్రమ్స్ లేవు. ప్రెస్లీ గిటార్, బ్లాక్ బాస్ లయను మోస్తే, మిగిలిన ఖాళీ అంతా మూర్ మీద పడింది. బొటనవేలితో మంద్ర తీగల మీద లయ నడుపుతూ, మిగతా వేళ్లతో పై తీగల మీద స్వరాలు పలికించే పద్ధతిని అతను మెర్ల్ ట్రావిస్, చెట్ ఆట్కిన్స్‌ల వాదనం విని పట్టుకున్నాడు. దానికి బ్లూస్ పలుకుబడులు జోడించాడు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట నాలుగు స్వరాలు వేసి తప్పుకోవడం అతని తీరు. ఆ పొదుపు అభినందించదగ్గది.

బయటివాళ్ల తాకిడి తప్పించడానికి జులై 12న మూర్ ప్రెస్లీకి తొలి మేనేజర్‌గా ఒప్పందం చేసుకున్నాడు. 1955 ఆరంభంలో ఆ పని బాబ్ నీల్ చేతికి వెళ్లింది. అప్పటికి లూసియానా హేరైడ్ రేడియో కచేరీల్లో డ్రమ్స్ వాయించే డి.జె. ఫోంటానా పరిచయమయ్యాడు, తర్వాత బృందంలో స్థిరపడ్డాడు.

తొలి రికార్డుల్లో మూర్ వాయించింది బంగారు రంగు గిబ్సన్ ఈఎస్-295. 1955లో అదే కంపెనీ ఎల్-5కు మారాడు. స్టూడియోలో ఫిలిప్స్ రెండో టేపు యంత్రంతో ప్రతిధ్వని పుట్టించేవాడు గానీ, వేదిక మీద అది వీలయ్యేది కాదు. టేపు ప్రతిధ్వనిని తనలోనే ఇముడ్చుకున్న ఎకోసోనిక్ ఆంప్లిఫయర్‌ను ఇలినాయ్ రాష్ట్రంలోని కైరోలో రే బట్స్ తయారుచేస్తున్నాడని తెలిసి, మూర్ ఒకటి చేయించుకున్నాడు. 'మిస్టరీ ట్రైన్' (1955)లో వినిపించేది అదే.

1955 నవంబరులో ప్రెస్లీ ఒప్పందం ఆర్‌సీఏ కంపెనీకి చేరింది. 1956 జనవరి 10న నాష్‌విల్‌లో 'హార్ట్‌బ్రేక్ హోటల్' రికార్డు చేసినప్పుడు, మూర్ ఎవరిని విని నేర్చుకున్నాడో ఆ ఆట్కిన్సే అక్కడ లయ గిటార్ వాయించాడు. 'టూ మచ్'లో సోలో మధ్యన మూర్ దారి తప్పి, ఎలాగో ఒడ్డుకు చేరాడు. ప్రెస్లీ ఆ టేక్‌నే ఉంచమన్నాడు. 'జెయిల్‌హౌస్ రాక్' (1957)ను తెరిచే రెండు తీగల మేళవింపులు రాక్ సంగీతంలో అందరూ గుర్తుపట్టే ఆరంభాల్లో ఒకటి.

రాబడి ఆ స్థాయిలో లేదు. మొదట్లో ప్రెస్లీకి సగం, మూర్, బ్లాక్‌లకు పావు వంతు చొప్పున వాటాలుండేవి. తర్వాత అవి పోయి జీతాలు వచ్చాయి: కచేరీలున్న వారానికి 200 డాలర్లు, లేని వారానికి 100. ప్రెస్లీ లక్షలు గడిస్తున్న 1957 సెప్టెంబరులో ఇద్దరూ రాజీనామా చేశారు. కొన్నాళ్లకే రోజు కూలి లెక్కన తిరిగి వచ్చారు.

1958లో ప్రెస్లీ సైన్యంలోకి వెళ్లాక మూర్ ఫెర్న్‌వుడ్ రికార్డ్స్‌లో భాగస్వామి అయ్యాడు. ఆ సంస్థ కోసం థామస్ వేన్ పాడిన 'ట్రాజెడీ' 1959లో బాగా అమ్ముడైంది. తర్వాత ఫిలిప్స్ స్టూడియోలో పనిచేశాడు. 1964లో ఎపిక్ సంస్థకు సొంత ఆల్బమ్ 'ద గిటార్ దట్ చేంజ్డ్ ద వరల్డ్' చేశాక ఆ ఉద్యోగం పోయింది. నాష్‌విల్ చేరి రికార్డింగ్ ఇంజినీరుగా స్థిరపడ్డాడు. 1968 జూన్‌లో చిత్రించిన టీవీ కార్యక్రమంలో ప్రెస్లీ, మూర్, ఫోంటానా మళ్లీ కలిసి కూర్చున్నారు. అందులో ప్రెస్లీ చేతిలో కనిపించేది మూర్ గిబ్సన్ సూపర్ 400. ఆ తర్వాత ప్రెస్లీ, మూర్ కలిసి వాయించలేదు.

రెండు దశాబ్దాలకు పైగా మూర్ గిటార్ దాదాపు పక్కనపెట్టాడు. 1992లో కార్ల్ పెర్కిన్స్‌తో '706 రీయూనియన్' రికార్డుతో తిరిగి వచ్చాడు. 1997లో అతని ఆత్మకథ, కీత్ రిచర్డ్స్, జెఫ్ బెక్ పాల్గొన్న 'ఆల్ ద కింగ్స్ మెన్' ఆల్బమ్ వెలువడ్డాయి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2000లో పక్కవాద్యకారుల విభాగం మొదలుపెట్టినప్పుడు, తొలి విడతలోనే అతనికి చోటు దక్కింది. 2016 జూన్ 28న నాష్‌విల్‌లో 84వ ఏట మరణించాడు.